పిల్లలు, పెద్దవాళ్లతో క్రిస్మస్ చెట్టు కోసుకోవడానికి కొండకి: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

షార్లెట్_తులసికోట

అందరికీ నమస్తే. మేము నార్త్ కరోలినా షార్లెట్‌లో ఉంటాం. ఇన్నేళ్లూ అట్టపెట్టెలోంచి తీసే ప్లాస్టిక్ చెట్టే పెట్టాం. మా పాప నాలుగో తరగతి. ఫ్రెండ్స్ ఇళ్లలో వాళ్లు ఫామ్‌కి వెళ్లి చెట్టు తామే కోసి తెచ్చుకుంటారట, మనమూ వెళ్దామని ఒకటే గొడవ. బాబుకి నాలుగేళ్లు. మా అత్తయ్యగారు, మామయ్యగారు కడియం నుంచి వచ్చారు, సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటారు. మామయ్యగారు జీవితమంతా నర్సరీ పనిలోనే ఉన్నారు, ఆయనకి ఆ తోటలు చూపించాలని నాకు చాలా కోరికగా ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఎత్తుపల్లాల్లో ఎక్కువ నడవలేరు.

ఎక్కడికి వెళ్లాలి? ఏ వారం మంచిది? రంపం మనమే కొనుక్కోవాలా? మా కారు మీద రాక్ లేదు, రెండు గంటలు హైవేలో చెట్టు నిలుస్తుందా? ఇదే నాకు పెద్ద టెన్షన్.

రాలీ_రేగిపళ్లు

మీకు రెండు గంటల దూరంలో ఉన్నవి ఫ్రేజర్ ఫర్ అనే క్రిస్మస్ చెట్టు పుట్టిన కొండలండీ. ఆ చెట్టు అడవిలో తనంతట తాను పెరిగేది దక్షిణ అపలాచియన్ శిఖరాల మీద మాత్రమే. యాష్, ఎవరీ, వటాగా, అలగేనీ కౌంటీల్లో కొండ వాలు మొత్తం వరసలు వరసలుగా ఇవే తోటలు. క్రిస్మస్ చెట్ల సాగులో దేశంలో ఓరెగాన్ మొదటిది, నార్త్ కరోలినా రెండోది. వెస్ట్ జెఫర్సన్, బూన్ చుట్టుపక్కల "చూజ్ అండ్ కట్" (నచ్చింది ఎంచుకుని కోసుకోండి) బోర్డులు రోడ్డు పొడవునా కనిపిస్తాయి.

ఎప్పుడంటే, చాలా ఫామ్‌లు థాంక్స్‌గివింగ్‌కి (నవంబర్ నాలుగో గురువారం) ముందు వారాంతంలోనే తెరుస్తాయి. థాంక్స్‌గివింగ్ తర్వాతి శుక్ర, శనివారాలు జాతరే. డిసెంబర్ రెండో వారానికి కొన్ని ఫామ్‌లు మూసేస్తారు కూడా. సెలవు పెట్టగలిగితే మామూలు పనిరోజున వెళ్లండి. రైతు దగ్గర నిలబడి మాట్లాడే తీరిక ఉంటుంది. మీ మామయ్యగారికి కావలసింది అదే కదా.

రంపం కొనక్కర్లేదు, వాళ్లే ఇస్తారు. మీరు కోయలేకపోతే వాళ్ల మనిషి వచ్చి కోసి పెడతాడు. కోశాక ఒక మెషీన్ మీద నిలబెట్టి గడగడా ఊపుతారు, ఎండుటాకులు, పురుగులు రాలిపోతాయి. తర్వాత వలలో దూర్చి బిగిస్తారు. పిల్లలకి ఈ రెండూ చూడటమే పెద్ద సరదా. ధర చాలా చోట్ల అడుగుల లెక్కన ఉంటుంది. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, క్యాష్ దగ్గర పెట్టుకోండి.

అత్తయ్యగారి విషయం మాత్రం ముందే ఫోన్ చేసి అడగండి. ట్రాక్టర్ వెనక బండిలో తోటలోకి తీసుకెళ్లే ఫామ్‌లు ఉన్నాయి, నిటారు వాలు మీద నడిచి వెళ్లాల్సినవీ ఉన్నాయి. వెబ్‌సైట్ ఫొటోల్లో ఆ వాలు తెలియదు. బాత్రూమ్ ఎలాంటిదో కూడా మొహమాటపడకుండా అడగండి.

ఇంట్లో సీలింగ్ ఎత్తు కొలుచుకుని వెళ్లండి, ఇది చాలా ముఖ్యం. ఎనిమిది అడుగుల సీలింగ్ అయితే స్టాండ్, పైన నక్షత్రం కలిపి దాదాపు అడుగు పోతుంది. ఏడడుగుల లోపు చెట్టే సరిపోతుంది. ఆరుబయట, ఆకాశం కింద ఏ చెట్టయినా చిన్నగానే కనపడుతుంది. అడ్డం కూడా కొలవండి. ఏడడుగుల ఫ్రేజర్ కింద నాలుగైదు అడుగుల వెడల్పు ఉంటుంది, సోఫా జరపాల్సిందే.

పోర్ట్‌ల్యాండ్_పాలకొల్లు

మేము ఓరెగాన్‌లో ఫామ్‌కి కాదు, అడవికే వెళ్తాం. మౌంట్ హుడ్ నేషనల్ ఫారెస్ట్‌లో చెట్టుకి పర్మిట్ 5 డాలర్లు, ఆన్‌లైన్‌లో కొంటే రిజర్వేషన్ ఫీజు ఇంకో 2.50. పర్మిట్‌తో పాటు ఎక్కడ కోయవచ్చో మ్యాప్, ఎంత ఎత్తు చెట్టు కోయవచ్చు, మోడు ఎంత పొట్టిగా ఉంచాలి అన్న వివరాలు ఇస్తారు. పెద్ద చెట్టు తల మాత్రం నరుక్కుని రావడం నిషేధం. ఒత్తుగా మొలిచిన చోట చిన్న చెట్లు తీసేస్తే మిగిలినవాటికి వెలుతురు, చోటు దొరుకుతాయి, అందుకే ఫారెస్ట్ సర్వీస్ దీన్ని ప్రోత్సహిస్తుంది. మా పిల్లలకి ఆ మాట చెప్పాకే చెట్టు కోయడం మీద బాధ పోయింది.

అడవి చెట్టుకి ఫామ్ చెట్టంత గుబురు ఉండదు. కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీ ఉంటుంది. నాకు అదే ఇష్టం, వేలాడదీసిన ప్రతి బొమ్మా విడిగా కనిపిస్తుంది. నోబుల్ ఫర్ అనే రకం దొరికితే వదలకండి. కొమ్మలు గట్టివి, ఎంత బరువున్న బొమ్మ తగిలించినా వంగవు.

కానీ ఇది పిక్నిక్ కాదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. టైర్ల గొలుసులు, పార, టార్చ్, నీళ్లు, పులిహోర, అందరికీ మార్చుకోవడానికి పొడి సాక్సులు వెంట ఉండాలి. కొన్నిచోట్ల పార్కింగ్‌కి నవంబర్ 1 నుంచి స్నో పార్క్ పర్మిట్ విడిగా కావాలి. రంపం మనదే. ఎటు వెళ్తున్నామో ఇంట్లోనో స్నేహితులకో చెప్పి బయల్దేరాలి. నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి మధ్యాహ్నానికే చెట్టు కారెక్కాలి.

మీ పాప నాలుగో తరగతి అన్నారు కదా, ఒక సంగతి. "ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్" అని నాలుగో తరగతి పిల్లలకి ప్రభుత్వం ఉచిత పాస్ ఇస్తుంది. దానితో చెట్టు పర్మిట్ ఇచ్చే ఫారెస్టుల్లో ఒక పర్మిట్ ఉచితం, రిజర్వేషన్ ఫీజు మాత్రం కట్టాలి. చెట్టుకి వాడకపోయినా ఆ పాస్ తీసుకోండి. ఎంట్రీ ఫీజు ఉన్న నేషనల్ పార్కులకి ఆగస్టు చివరి దాకా, ఒకే కారులో వెళ్తే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

షార్లెట్_తులసికోట

పాస్ సంగతి అసలు తెలియదు, చాలా థాంక్స్. అడవి అంటే మావారు వెంటనే సై అన్నారు, కానీ పెద్దవాళ్లు, నాలుగేళ్ల బాబు ఉన్నారు కాబట్టి ఈసారికి ఫామ్‌కే వెళ్తాం. కారు మీద కట్టడం గురించి ఎవరైనా చెప్పండి.

డాలస్_ఓరుగల్లు

రాక్ లేకపోయినా పరవాలేదు. పెయింట్ గీతలు పడకుండా పైన పాత దుప్పటి వేయండి. చెట్టు మొదలు ముందుకి, కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే గాలికి కొమ్మలు విరుగుతాయి, ఆకులు రాలిపోతాయి. వల విప్పకండి. తలుపులు తెరిచి తాడు కారు లోపలి నుంచి తిప్పి కట్టాలి, కిటికీలోంచి తిప్పితే తర్వాత తలుపులు తెరుచుకోవు. ఫామ్ వాళ్లు పురికొస ఇస్తారు, హైవేకి దాన్ని నమ్మకండి. రెండు రాచెట్ స్ట్రాప్‌లు (లాగి బిగించే పట్టీలు) కొనుక్కెళ్లండి. పది మైళ్లు వెళ్లాక ఒకసారి ఆగి లాగి చూడండి.

మా టెక్సాస్‌లో ఫర్ చెట్లు ఈ వేడికి పెరగవు. ఫామ్‌లో మనం కోసుకునేవి వర్జీనియా పైన్, లేలాండ్ సైప్రస్ లాంటివే. ఫ్రేజర్ కావాలంటే మీ కొండల్లో కోసి లారీల్లో తెచ్చి అమ్ముతారు. మీకు నేల మీద నిలబడ్డ చెట్టు దొరుకుతోంది, అదృష్టవంతులు.

గుంటూరు_గంట

మాది క్రైస్తవ కుటుంబం. మా చిన్నప్పుడు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. చర్చి యూత్ వాళ్లు బాపట్ల వైపు తోటల నుంచి తెచ్చేవాళ్లు. ఇసక నింపిన బకెట్‌లో నిలబెట్టి, దూది అంటించి, రంగు కాగితాలు చుట్టేవాళ్లం. ఇక్కడ అట్లాంటాలో మా సంఘంలో నాలుగైదు కుటుంబాలు కలిసి ఫామ్‌కి వెళ్తాం. చెట్టు కోసే ముందు దాని చుట్టూ నిలబడి ఒక పాట పాడి ప్రార్థన చేసుకుంటాం. పక్కన వేరే కుటుంబాలు ఆగి వింటారు. పిల్లలు తెలుగులో గొంతెత్తి పాడటం ఏడాదిలో అప్పుడే వింటాను నేను.

ఒక మాట. చెట్టు ఎంచే పని పిల్లలకి వదిలేస్తే గంటలు పడుతుంది, చివరికి ఇద్దరూ చెరో చెట్టు దగ్గర నిలబడి ఏడుస్తారు. పెద్దవాళ్లు ముందే రెండు మూడు చెట్లు చూసి పెట్టి, వాటిలోంచి ఎంచుకోమనడం మంచిది.

న్యూజెర్సీ_బందరు

తెచ్చాక జాగ్రత్తలు చెప్తాను. ఇంటికి రాగానే చెట్టు మొదలు అడుగున అర అంగుళం నుంచి అంగుళం మందాన బిళ్లలా కోసేయండి. కోసిన చోట జిగురు గడ్డకట్టి మూసుకుపోతే నీళ్లు పీల్చదు. ఫామ్‌లో కోసిన కొద్ది గంటల్లోనే నీళ్లలో పెట్టగలిగితే మళ్లీ కోయక్కర్లేదు. మీది రెండు గంటల ప్రయాణమే కదా, నేరుగా ఇంటికొచ్చేయండి, దారిలో షాపింగ్ పెట్టుకోకండి.

నీళ్లు మామూలు కుళాయి నీళ్లే. పంచదార, ఆస్పిరిన్, సోడా ఏమీ అక్కర్లేదు. మొదటి రోజు మూడు నాలుగు లీటర్లు తాగేసినా ఆశ్చర్యపోకండి. తర్వాత కూడా కోసిన చోటు నీళ్లలో మునిగే ఉండాలి, రోజూ పొద్దున్నే చూడాలి. ఆ పని మామయ్యగారికి అప్పజెప్పండి, ఇంతకంటే నమ్మకమైన మనిషి దొరకరు. హీటర్ వెంట్ దగ్గర, ఫైర్‌ప్లేస్ దగ్గర పెట్టకండి. లైట్లు ఎల్ఈడీవే. పడుకునేటప్పుడు ఆపేయాలి.

పిల్లల్లో ఆస్తమా, ఎలర్జీ ఉంటే చెట్టుని బయటే గొట్టంతో బాగా కడిగి, ఆరాక లోపలికి తేవాలి. కొమ్మల్లో బూజు ఉంటుంది. గోధుమ రంగులో నురగ గడ్డకట్టినట్టు ఏదైనా కనిపిస్తే అది గొల్లభామ గుడ్ల గూడు కావచ్చు. ఆ కొమ్మముక్క తుంచి బయట పొదలో పెట్టేయండి, ఇంటి వెచ్చదనానికి పొదిగితే వందల పిల్లలు బయటికొస్తాయి.

చేతికంటిన జిగురు సబ్బుకి పోదు. కొబ్బరినూనె రుద్ది కడగండి.

షార్లెట్_తులసికోట

వెళ్లొచ్చాం! యాష్ కౌంటీలో ఒక చిన్న ఫామ్. ట్రాక్టర్ బండి ఉంది కాబట్టి అత్తయ్యగారు హాయిగా గడ్డి మోపు మీద శాలువా కప్పుకుని కూర్చుని తోటంతా చూశారు. మావారు తడిగడ్డి మీద బోర్లా పడుకుని కోస్తుంటే, పాప చెట్టుని అవతలికి కొద్దిగా వంచి పట్టుకుంది. అలా పట్టుకోకపోతే రంపం ఇరుక్కుపోతుందని ఫామ్ ఆవిడ చూపించింది.

మామయ్యగారి గురించి చెప్పాలి. ఆయనకి ఇంగ్లిష్ కొద్దిగానే వచ్చు, నేను మధ్యలో ఉండి రెండు వైపులా చెప్పాను. ఆ రైతుతో మాట ఎంతకీ తెగలేదు. ఆరేడు అడుగుల ఫ్రేజర్ రావడానికి విత్తనం నుంచి లెక్కేస్తే సుమారు పన్నెండేళ్లు పడుతుందట. మొదటి నాలుగైదేళ్లు నారుమడిలోనే. ఆ శంఖం ఆకారం దానంతటదే రాదు, ఏటా వేసవిలో మనుషులు చెట్టు చుట్టూ తిరిగి పొడవాటి కత్తితో కొసలు చెక్కుతారు. ఆ పనికి ఎక్కువగా మెక్సికో నుంచి హెచ్-2ఏ అనే తాత్కాలిక వ్యవసాయ పనుల వీసా మీద కూలీలు వస్తారు. నీరు నిలిచే నేలలో ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు పడితే ఆ చోట మళ్లీ ఫ్రేజర్ నాటలేరట. మామయ్యగారు వెంటనే వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశారు. కడియంలో తను కుండీల మొక్కలకి డ్రైనేజీ ఎలా చేస్తారో వివరిస్తే ఆ రైతు చాలా శ్రద్ధగా విన్నాడు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఈ కొండల్లో చేసిన నష్టం గురించి కూడా చెప్పాడు. వాలు జారి చెట్లూ, రోడ్లూ కొట్టుకుపోయిన తోటలున్నాయట. ఆ ఏడాదే వైట్ హౌస్ బ్లూ రూమ్ అనే గదిలో పెట్టిన అధికారిక క్రిస్మస్ చెట్టు దగ్గర్లోని ఎవరీ కౌంటీ నుంచే వెళ్లింది. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో గర్వం చూడాలి.

ఇలాంటి రోజుకి పెట్టిన ప్రతి డాలరూ సార్థకం. దుకాణం ముందు వలలో చుట్టిన చెట్టు కొనుక్కుంటే మామయ్యగారికి ఈ మాటలు దొరికేవి కావు.

ఇంకో ప్రశ్న. ఆయన ఈ చెట్టుని భోగి దాకా ఉంచి మంటలో వేద్దామంటున్నారు. వేయవచ్చా?

న్యూజెర్సీ_బందరు

వద్దండీ, దయచేసి వద్దు. నెలకి పైగా ఇంట్లో ఉన్న చెట్టు పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. ఆకుల నిండా జిగురు. నిప్పు తగిలితే క్షణాల్లో మనిషెత్తు మంట లేస్తుంది, రవ్వలు ఎగురుతాయి. భోగి మంట చుట్టూ పసిపిల్లలు తిరుగుతుంటారు. ఫైర్‌ప్లేస్‌లోనూ వేయకూడదు, పొగగొట్టంలో మసి పేరుకుని అంటుకుంటుంది. భోగికి ఎండిన కట్టెలు కొనుక్కోండి. పెరట్లో మంట వేయడానికి మీ ఊళ్లో ఏ నిబంధనలున్నాయో ఫైర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చూడండి. అంతగా ముచ్చటపడితే కొమ్మలన్నీ తీసేసి, మానుని ముక్కలు కోసి గరాజ్‌లో ఎండబెట్టి, వచ్చే ఏడాది భోగికి బయట వేసుకోవచ్చు.

రాలీ_రేగిపళ్లు

అసలు భోగి దాకా ఇంట్లో ఉంచకపోవడమే మేలు. జనవరి మొదట్లోనే చాలా ఊళ్లలో చెట్లు తీసుకెళ్లి ముక్కలు చేసి పార్కుల్లో, మొక్కల మొదళ్లలో పరుస్తారు. మీ ఏరియా తేదీ చూసుకోండి. లైట్లు, తళుకు కాగితాలు, కొక్కేలు, స్టాండ్ అన్నీ తీసేసి పెట్టాలి. ప్లాస్టిక్ సంచి చుట్టి పెడితే తీసుకెళ్లరు.

షార్లెట్_తులసికోట

సరేనండీ, చెప్తాను. మానుని కోసి ఎండబెట్టే పని మాత్రం ఆయన వదలరు, ఇప్పుడే గరాజ్‌లో చోటు చూస్తున్నారు. కొమ్మల ఆకులు గులాబీ మొక్కల మొదట్లో వేయవచ్చా, పులుపెక్కుతుందా అని అడగమంటున్నారు.

రాలీ_రేగిపళ్లు

వేయవచ్చు. రాలిన ఆకు పైపైన పరిస్తే మట్టి పులుపెక్కేంత ఏమీ ఉండదు. కొమ్మల్ని అలాగే గులాబీల మీద కప్పితే ఫిబ్రవరి దాకా మంచు నుంచి కాపుదల కూడా. చిగుళ్లు కనపడగానే తీసేయమనండి.