అప్‌డేట్: 35 కిలోల డంబెల్స్ దొరికాయి, ఫిక్స్‌డ్ (బరువు మార్చలేనివి) మాత్రం కాదు

ఇంట్లో జిమ్ కోసం 35 కిలోల డంబెల్స్ జత హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందని అడిగాను కదా, పనైంది. కోఠి, ఆబిడ్స్ వైపు షాపుల్లో తిరిగితే, 20 కిలోలు దాటగానే "ఆర్డర్ పెట్టాలన్నా" అన్నారు. ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ డెలివరీ ఛార్జీ చూసి కళ్లు తిరిగాయి.

చివరికి మీలో ఒకరు చెప్పినట్టే రాడ్లు, ప్లేట్లు విడిగా తీసుకున్నా. కూకట్‌పల్లిలో మూసేస్తున్న ఒక జిమ్ వాళ్లు ఇనుప ప్లేట్లు కిలో లెక్కన ఇచ్చేశారు. తుప్పు ఉంది, గీకి పెయింట్ వేస్తే సరి.

కొనేవాళ్లు ముందు ప్లేటు రంధ్రం కొలవండి. మామూలు వాటికి 30 మిల్లీమీటర్లు అటూ ఇటూ, ఒలింపిక్ వాటికి (పోటీల్లో వాడే లావు రాడ్ల రకం) 50. రెండూ కలిపి కొంటే ఇబ్బందే. ప్లేటు మీద అచ్చు వేసిన బరువు కూడా నమ్మొద్దు. పాత ఇనుప సామాన్ల కొట్లో కాటా మీద పెట్టిస్తే కొన్ని తక్కువ తూగాయి, అప్పుడు బేరం ఇంకా తేలికైంది! పడుకుని ప్రెస్ చేసేవాళ్లకి (బరువు పైకి నెట్టేవాళ్లకి) పెద్ద ప్లేట్లు అడ్డం. 5 కిలోలవే ఎక్కువ పెట్టుకోండి, అందుకు రాడ్డు పొడుగ్గా ఉండాలి.

నా పాత 15 కిలోల జత ఖాళీగా ఉంది. ఉప్పల్ దగ్గర్లో ఎవరికైనా కావాలంటే చెప్పండి.