డాగ్ షోకు హ్యాండ్లర్‌ను పెట్టుకోవాలా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్, మైక్రోచిప్ రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లో జరిగే డాగ్ షోలో దాన్ని రింగులోకి (జడ్జి కుక్కలను పరిశీలించే చోటికి) నేనే తీసుకెళ్లవచ్చా, లేక హ్యాండ్లర్‌ను, అంటే ఫీజు తీసుకుని కుక్కను రింగులో చూపించే వ్యక్తిని, పెట్టుకోవడం మంచిదా?

జవాబు: యజమాని స్వయంగా చూపించవచ్చండి. అయితే నాలుగు కాళ్లూ సరిగ్గా మోపి కదలకుండా నిలబడటం, జడ్జి పళ్లు చూస్తున్నప్పుడు తల తిప్పకపోవడం, వదులైన లీష్‌తో ఒకే వేగాన పరుగెత్తడం సాధన లేకుండా రావు కాబట్టి, హ్యాండ్లర్‌ను పెట్టుకున్నా కొన్ని వారాల ముందే కుక్కను ఆయనకు అలవాటు చేయండి.

మరో జవాబు: హ్యాండ్లర్‌ను పెట్టుకుంటే, ఆయన ఫీజుతో పాటు ప్రయాణ ఖర్చులు, గ్రూమింగ్, గెలిస్తే ఇవ్వవలసిన అదనపు మొత్తం కాగితంపై రాయించుకోండి. ఆయన చేతిలో మరో లాబ్రడార్ ఉందేమో తప్పక అడగండి; రెండూ బెస్ట్ ఆఫ్ బ్రీడ్‌కు (ఆ జాతిలో ఉత్తమ కుక్కను ఎంచే పోటీకి) ఎదురుపడితే ఆయన ఒకదాన్నే చూపించగలరు కాబట్టి మీ కుక్క ఎవరో సహాయకుడి పాలు కావచ్చు.

ఇంకొక జవాబు: హ్యాండ్లర్‌ను పెట్టుకుంటే, షో రోజున మీరు రింగు పక్కన నిలబడకండి. మిమ్మల్ని చూస్తే కుక్క ఆయన మాట వినకపోవచ్చు.