సీటీబీ మీద పగుళ్లు: ఫటీగేనా? సిమెంట్ పెంచాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రాయలసీమలో ఒక స్టేట్ హైవే పనిలో సైట్ ఇంజినీర్‌ని. సీటీబీ, అంటే సిమెంట్ కలిపిన బేస్ లేయర్, వేసి నెల దాటింది. 7 రోజుల క్యూబ్ బలం (అచ్చు దిమ్మెను నలిపి కొలిచే బలం) 6 ఎంపీఏ (మెగాపాస్కల్) వచ్చింది. పైన వెట్‌మిక్స్, అంటే తడిపి కలిపిన కంకర పొర, ఇంకా వేయలేదు, అప్పుడే రోడ్డుకు అడ్డంగా పగుళ్లు కనిపిస్తున్నాయి. కన్సల్టెంట్ తరఫు ఆయన ఫటీగ్ ఫెయిల్యూర్ (బరువులు పదే పదే పడి లేయర్ అలసి పగలడం) అంటున్నారు. మిగతా కిలోమీటర్లలో సిమెంట్ ఒక శాతం పెంచమని మా పై సార్ అంటున్నారు. పెంచితే నిజంగా ఆగుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, సిమెంట్ పెంచొద్దు. ట్రాఫిక్ ఎక్కకముందే అడ్డంగా వచ్చేవి చాలావరకు లేయర్ ఆరి కుంచించుకోవడం వల్ల వచ్చే పగుళ్లు. సిమెంట్ పెంచితే అవి ఇంకా పెరుగుతాయి. రోడ్డు డిజైన్ కోడ్ ఐఆర్‌సీ 37-2018 అడిగేది 4.5 నుంచి 7 ఎంపీఏ, మీ బలం అందులోనే ఉంది. పైన 100 మి.మీ. వెట్‌మిక్స్ పెట్టేదే ఈ పగుళ్లు తారులోకి ఎక్కకుండా ఆపడానికి. దాని మందం తగ్గిద్దామని ఎవరన్నా అస్సలు ఒప్పుకోకండి.

ఫటీగ్ సంగతి వేరు. బండి వెళ్లిన ప్రతిసారీ లేయర్ కొద్దిగా వంగి అడుగున సాగుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు, లక్షలసార్లు జరిగాక అడుగున సన్నటి పగులు పుట్టి పైకి వస్తుంది. అందుకే అది చక్రాల దారిలోనే ఎక్కువగా బయటపడుతుంది. కోడ్ సూత్రంలో ఈ సాగుదలకి, అంటే స్ట్రెయిన్‌కి, 12వ ఘాతం ఉంది. అంటే స్ట్రెయిన్ 10 శాతం పెరిగితే చాలు, ఆయుష్షు మూడో వంతుకు పడిపోతుంది. మందం తగ్గిన చోట పెరిగేది ఈ స్ట్రెయినే. నేనైతే క్యూబ్ రిపోర్టు కన్నా ముందు లేయర్ మందం తెలిసే లెవెల్ బుక్ చూస్తాను.

మరొకరు:
ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. క్యూబ్‌ని మనం నలిపి చూస్తాం, ఫటీగ్‌కు కావాల్సింది వంపు బలం. సీటీబీకి 28 రోజుల వంపు బలం 1.4 ఎంపీఏకి మించి తీసుకోవడానికి కోడ్ ఒప్పుకోదు. ఇరుసు బరువుతో లేయర్‌లో వచ్చే స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) ఆ బలంలో సగం ఉంటే లేయర్ సుమారు 5 లక్షల సార్లు తట్టుకుంటుంది. 0.7 వంతు ఉంటే 2 వేల సార్లకే అయిపోతుంది. వీలైతే బీమ్‌లు (పొడవాటి అచ్చు దిమ్మెలు) పోసి టెస్ట్ చేయించండి.

అడిగినవారు:
థాంక్స్ సార్. పగుళ్లు అడ్డంగానే, దాదాపు సమాన దూరంలో ఉన్నాయి. కానీ ముందుకు మెటీరియల్ మోసే లోడు టిప్పర్లు మూడో రోజు నుంచే దీని మీద తిరిగాయి. ఎడమ వైపు కొంత దూరం రోడ్డు పొడవునా సన్నటి గీతలు కూడా ఉన్నాయి.

జవాబు:
అయితే అసలు చూడాల్సింది ఆ ఎడమ వైపే. 7 రోజుల క్యూరింగ్ అయ్యేదాకా లోడు బండ్లు ఎక్కకూడదు. మూడో రోజుకి బలం ఇంకా పూర్తిగా రాదు కాబట్టి అదే టిప్పర్‌కి ల్యాబ్ అన్న చెప్పిన స్ట్రెస్-బలం నిష్పత్తి బాగా ఎక్కువవుతుంది. ఆ గీతల మీద ఒక కోర్ (గుండ్రంగా కోసి తీసే నమూనా), పక్కన గీతల్లేని చోట ఇంకో కోర్ తీయించండి. రెండింటి మందం కూడా కొలవండి. పగులు అడుగుదాకా ఉండి కోర్ ముక్కలుగా వస్తే, డిజైన్‌లో వేసుకున్న 5000 ఎంపీఏ మాడ్యులస్ (లేయర్ బిగువు) అక్కడ లేనట్టే. అంతమేర తీసి మళ్లీ వేయాలి. కోర్ రిపోర్టు వచ్చేదాకా ఆ భాగంలో వెట్‌మిక్స్ వేయనివ్వకండి, కప్పేశాక ఎవరికీ కనబడదు. టిప్పర్లకు పక్కనుంచి దారి మాత్రం ఇవాళే వేయించండి.