కొలిచే టేపు రెండో కొస పట్టుకోవడం చదువు కిందికి వస్తుందా? ఇంటీరియర్ డిజైన్ ఇంటర్న్‌షిప్ మీద చర్చ

మూడోఏడు:
ఇంటీరియర్ డిజైన్ మూడో ఏడు చదువుతున్నాను. సెలవుల్లో ఒక డిజైన్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను. "నేర్చుకున్న పాఠాలు" అని కాలేజీకి రిపోర్టు రాసివ్వాలి. కూర్చుంటే ఏం రాయాలో తోచడం లేదు. ఎక్కువ రోజులు సైట్‌లో సీనియర్‌కి టేపు రెండో కొస పట్టుకున్నాను. మిగతా రోజులు లామినేట్ (చెక్క మీద అంటించే పలుచటి రేకు) శాంపిళ్లు నంబర్ల వరసలో సర్దాను, ఎవరో గీసిన ప్లాన్‌లో కొలతలు మార్చాను. స్టైపెండ్ లేదు. క్లయింట్ మీటింగ్‌కి ఒక్కసారి కూడా పిలవలేదు. ఇది చదువా, ఉచిత చాకిరీయా? నిజంగానే అడుగుతున్నాను.

పాతస్టూడియో:
చిన్న స్టూడియో నడుపుతున్నాను కాబట్టి చెప్తున్నా. టేపు పట్టుకోవడాన్ని తక్కువ చేయకండి. కాలేజీలో గది అంటే కంప్యూటర్‌లో గీసిన దీర్ఘచతురస్రం, నాలుగు మూలలూ తొంభై డిగ్రీలు. నిజం గది అలా ఉండదు. గోడకీ గోడకీ మధ్య అల్మారా రావాలంటే వెడల్పు నేల దగ్గర ఒకసారి, నడుము ఎత్తులో ఒకసారి, పైన బీమ్ కింద ఒకసారి కొలవాలి. మూడూ ఒకేలా రావడం అరుదు. అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని పట్టుకుని డబ్బా చేయించాలి, మిగిలిన సందుని ఫిల్లర్ పట్టీతో మూయాలి. ఎక్కువదాన్ని తీసుకుంటే డబ్బా లోపలికే పోదు. గది రెండు కర్ణాలూ సమానంగా రాలేదంటే మూలలు తొంభై డిగ్రీల్లో లేనట్టే. మీరు పట్టుకున్న కొస గోడకి సరిగా ఆనకపోతే ఈ లెక్కలన్నీ తప్పే. ఇంతకంటే పెద్ద పాఠం ఏం కావాలి?

మూడోఏడు:
సార్, మీరు ఇక్కడ నాలుగు వాక్యాల్లో చెప్పింది నాకు అక్కడ ఎవరూ చెప్పలేదు. మూడు చోట్లా కొలిచారు, మూడుసార్లూ నేనే పట్టుకున్నాను. ఎందుకని అడిగితే "ముందు పట్టుకోమ్మా" అన్నారు.

లేజర్‌మీటర్:
ఇప్పుడు అందరి దగ్గరా లేజర్ మీటర్ ఉంది. రెండో మనిషే అక్కర్లేదు.

పాతస్టూడియో:
లేజర్ గోడ మీద ఒక్క చుక్కని కొలుస్తుంది. స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ముందుకొచ్చిందా, ప్లాస్టర్ ఉబ్బిందా అన్నది కొస పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

లేజర్‌మీటర్:
చుక్కని జరిపి ఇంకోసారి కొలిస్తే అదీ తెలుస్తుంది కదండీ.

పాతస్టూడియో:
ఎక్కడికి జరపాలో తెలియాలంటే ముందు టేపు పట్టి ఉండాలి.

సైటుమేస్త్రీ:
నేను కార్పెంటర్ పని చేయిస్తాను. టేపు, లేజర్ కాసేపు పక్కన పెట్టండి. ఇంటర్న్ పిల్లలు తెచ్చే డ్రాయింగుల్లో నాకు కనిపించేది వేరే. ప్లైవుడ్ పెద్ద షీటు ఎనిమిది అడుగులు బై నాలుగు అడుగులు, అంటే సుమారు 2440 బై 1220 మిల్లీమీటర్లు. వార్డ్‌రోబ్ లోతు 600 పెడితే షీటు వెడల్పులో రెండు పలకలు వస్తాయి. రంపం తినేది మూడు నాలుగు మిల్లీమీటర్లు పోయినా ఇంకా మిగులుతుంది. ఒకమ్మాయి లోతు 620 పెట్టి తెచ్చింది. స్క్రీన్ మీద బాగానే ఉంది. కానీ ఆ ఇరవై మిల్లీమీటర్ల వల్ల రెండు పలకలు రావాల్సిన చోట ఒక్కటే వస్తుంది, మిగతాది ముక్కల కింద పోతుంది. తనని కట్టింగ్ టేబుల్ దగ్గరికి పిలిచి, చేతికి పెన్సిల్ ఇచ్చి షీటు మీదే గీయమన్నాను. మొదటి పలక గీసింది. రెండోదానికి టేపు పరిస్తే చివర షీటు దాటిపోయింది. నేను నోరు తెరవక ముందే తనే 600కి మార్చేసింది. తర్వాత తను తెచ్చిన ఏ డ్రాయింగులోనూ షీటు లెక్క తప్పలేదు.

పాతస్టూడియో:
నేననేదీ అదే. సైటే నేర్పుతుంది.

మూడోఏడు:
సైట్ నేర్పలేదు సార్, ఆయన నేర్పారు. పని ఆపి పిలిచారు, పెన్సిల్ ఇచ్చారు.

రంగులపిచ్చి:
నా ఇంటర్న్‌షిప్ మొత్తంలో గుర్తుండిపోయింది ఒక్కటే. ఏ శాంపిల్‌నైనా అది ఉండబోయే గదిలో, ఆ గదిలో వెలగబోయే లైటు కిందే చూడాలి. 4000 కెల్విన్ (లైటు వెలుగు రంగుకి కొలత) తెల్ల వెలుగులో చల్లగా కనిపించిన బూడిద రంగు 2700 కెల్విన్ పసుపు లైటు కింద పసుపుపచ్చగా తిరిగింది. లామినేట్, కర్టెన్ బట్ట ఒక వెలుగులో కలిసిపోయి ఇంకో వెలుగులో విడిపోవడం కూడా కళ్లారా చూశాను. క్లాసులో ఇదే విన్నాను, పరీక్షలో రాశాను. తలకెక్కింది మాత్రం అక్కడే.

ఒకఅమ్మ:
మా అమ్మాయి కూడా ఇలాగే వెళ్లింది. పుట్టీ రుద్దే చోట రోజంతా నిలబెట్టారు, ఒక మాస్కు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాత్రంతా దగ్గేది. గోడలు ఎన్ని మిల్లీమీటర్లు వంకరున్నాయో చూసేవాళ్లకి పిల్లలు ఏం పీలుస్తున్నారో కనపడదా?

చదువుబల్ల:
అమ్మగారూ, మీరన్నది న్యాయం. అది ఆఫీసు చూసుకోవాల్సిందే, మా కాలేజీలు కూడా ముందే అడగాల్సిందే.

అసలు ప్రశ్నకొస్తాను. నేను ఈ సబ్జెక్టే చెప్తాను. కొలవడం చిన్న పని కాదు. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె ష్యూట్టె-లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది చూడండి. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు సుమారు 3.4 మీటర్లు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ పనికి ఎంతసేపు పడుతుంది అని లెక్కలు వేసి గీసిన గది అది. ఇప్పటి మాడ్యులర్ కిచెన్ల మూలం వెతికితే అక్కడికే పోతాం. పని అనుభవం విషయానికొస్తే, ఉత్తర అమెరికాలో ఇంటీరియర్ డిజైనర్లకి ఇచ్చే ఎన్‌సీఐడీక్యూ అర్హత సర్టిఫికెట్ రావాలంటే డిగ్రీ ఉన్నవాళ్లు కూడా 3,520 గంటలు పని చేసినట్టు చూపించాలి. చదువు ఒక్కటే చాలదని ఆ రంగమే ఒప్పుకుంది.

మూడోఏడు:
మేడమ్, ఆ వంటగది గీసినావిడకి తను ఎందుకు కొలుస్తోందో తెలుసు. నా బాధ అదే. ఇక గంటలంటారా, నేను శాంపిళ్లు సర్దిన గంటలూ గంటలే కదా. కాగితం మీద లెక్క సరిపోతుంది, నాకు మాత్రం ఏమీ రాదు.

పాతస్టూడియో:
ఏమీ రాదని మీరే అంటారు, ప్రతిదీ ఎవరో చెప్పాలనీ మీరే అంటారు. మమ్మల్ని ఎవరు కూర్చోబెట్టి చెప్పారు? తిట్లు తిని, పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాం. నా దగ్గర ఒక ఇంటర్న్‌కి వారం పాటు అన్నీ విడమర్చి చెప్పాను. కిచెన్ షట్టర్ల (అల్మారా తలుపుల) కొలతలు తప్పు రాసి, ఆ మాట చెప్పకుండానే మానేసి వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తలేదు. ఆ షట్టర్లన్నీ నా డబ్బుతో మళ్లీ చేయించాను. క్లయింట్ ముందు తలదించుకున్నదీ నేనే. అప్పుడు మీలాంటివాళ్లు ఎవరూ పోస్టు పెట్టలేదు.

మూడోఏడు:
ఆ తప్పు నేను చేయలేదు సార్. నా సంగతి కూడా వినండి. ఒక కిచెన్ ప్లాన్‌లో కొలతలు మార్చమంటే, ఫ్రిజ్ గోడని ఆనుకుని ఉండటం చూశాను. తలుపు తొంభై డిగ్రీలు దాటి తెరుచుకోకపోతే లోపలి డ్రాయర్లు బయటికి రావు. ఫ్రిజ్‌ని ఇంకో వైపుకి జరిపి, ఆ మూలలో బయటికి లాగే సన్నటి పుల్ అవుట్ ర్యాక్ పెట్టి గీసి చూపించాను. ఎవరూ ఏమీ అనలేదు. మీటింగ్‌కి పిలవలేదు. తర్వాత సైట్‌కి వెళ్తే అక్కడ కట్టింది నా లేఅవుటే. నా పోర్ట్‌ఫోలియోలో (నేను చేసిన పనులు చూపించే ఫైల్లో) పెట్టుకుంటానంటే "అది ఆఫీసు పని" అన్నారు. బాగుందా, బాగోలేదా, ఎందుకు ఒప్పుకున్నారు? ఒక్క మాట లేదు. టేపు పట్టుకున్నందుకు ఏడుస్తున్నానని మీరంతా అనుకుంటున్నారు. టేపు ఇంకో ఏడాది పట్టుకోమన్నా పట్టుకుంటాను.

పాతస్టూడియో:
పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోనివ్వకపోవడం అన్యాయమే. కానీ చెప్పడానికి టైమ్ ఎక్కడుంది? ఇంటర్న్‌కి అరగంట కూర్చుని చెప్తే ఆ అరగంటకి ఏ క్లయింటూ బిల్లు కట్టడు. ఆరు వారాల్లో వెళ్లిపోయే మనిషి మీద నేనెంత పెట్టగలను?

మూడోఏడు:
అదీ అసలు మాట. మీరు జీతం ఇవ్వడం లేదు కాబట్టి నాకు ముట్టేది ఆ అరగంటే. అదీ లేదంటే నేను వచ్చి చేసింది ఉత్త చాకిరీ. చేరే రోజే ఈ సంగతి చెప్తే వేరే ఆఫీసు చూసుకునేదాన్ని.

సైటుమేస్త్రీ:
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి మొదటి రోజు నుంచే కూలి ఇస్తాను. కొస పట్టుకున్నా కూలే, చీపురు పట్టుకున్నా కూలే. వాడూ మధ్యలో మానేయొచ్చు, పలక తప్పు కోయొచ్చు. అది నా ఖర్చులో భాగం అనుకునే రేటు చెప్తాను. డిగ్రీ చదివే పిల్లలకి మాత్రం రూపాయి ఇవ్వకపోవడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

పాతస్టూడియో:
మీ కుర్రాడు రెండో నెలకి పలకలు కోస్తాడు, మీకు పని కలిసొస్తుంది. నా ఇంటర్న్ అప్పటికి కాలేజీకి వెళ్లిపోతుంది.

రంగులపిచ్చి:
ఆమె మార్చిన లేఅవుటే కట్టారని చెప్తోంది కదండీ. అది పని కలిసిరావడం కాదా?

ఒకఅమ్మ:
మాస్కు సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

చదువుబల్ల:
ఎత్తుతానండీ. ఈసారి పిల్లల్ని పంపే ముందు ఆఫీసులతో రాయించుకునే కాగితంలో మాస్కు, హెల్మెట్ చేరుస్తాం. స్టైపెండ్ ఉందా లేదా, వారానికి ఎంతసేపు కూర్చుని చెప్తారు, గీసినవి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అన్నవి కూడా. మూడోఏడు గారూ, మీ రిపోర్టులో ఫ్రిజ్ తలుపు సంగతి మొదట రాయండి. ముందున్న ప్లాన్, మీరు మార్చిన ప్లాన్ రెండూ చేత్తో గీసి పెట్టండి. ఆఫీసు డ్రాయింగ్ అక్కర్లేదు.

పాతస్టూడియో:
ఆ కాగితం వస్తే చదువుతాను. క్లయింట్ మీటింగ్‌కి మాత్రం ఇంటర్న్‌ని తీసుకెళ్లను. వాళ్ల ఇంటి గొడవలు, అప్పుల సంగతులు కూడా అక్కడే బయటపడతాయి, ముక్కూమొహం తెలియని మనిషి ముందు వాళ్లు నోరు విప్పరు.

మూడోఏడు:
తీసుకెళ్లకండి. వచ్చాక ప్లాన్‌లో ఏం మారిందో, ఎందుకు మారిందో చెప్పండి.

పాతస్టూడియో:
అది చెప్తాను. స్టైపెండ్ మాట మాత్రం ఇప్పుడు ఇవ్వలేను.

సైటుమేస్త్రీ:
అయితే మీ మాట నేనూ ఒప్పుకోను.