అప్‌డేట్: లూయిస్, క్లార్క్ యాత్ర లూసియానా కొన్నాకా, కొనకముందా?

మొన్న అడిగా కదా, అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఫ్రాన్స్ దగ్గర లూసియానా (మిసిసిపీ నదికి పడమరనున్న పెద్ద భూభాగం) కొన్నాకే ఆ భూమి చూసి రమ్మని సైనికాధికారులు లూయిస్, క్లార్క్‌లని పంపాడా లేక ముందే ప్లాన్ ఉందా అని. రిప్లై ఇచ్చినవాళ్ళందరికీ థాంక్స్, తేదీలు చూస్తే ముందే. 1803 జనవరిలో కాంగ్రెస్‌కి సీక్రెట్ మెసేజ్ పెట్టి యాత్రకి 2,500 డాలర్లు అడిగాడు, పారిస్‌లో కొనుగోలు సంతకాలు ఏప్రిల్ ఆఖర్లో, అంటే డబ్బులడిగే టైంకి ఆ భూమి ఇంకా అమెరికాది కాదు. పైగా అమెరికా వాళ్ళు బేరానికెళ్ళింది న్యూ ఆర్లీన్స్ రేవు కోసం, హైతీలో సైన్యం పోగొట్టుకున్న నెపోలియన్ కోటిన్నర డాలర్లకి మొత్తం అంటగట్టాడు. అక్కడుండే తెగలని అడిగినోడే లేడు, అది వేరే సంగతి.

నాకు బాగా నచ్చింది మాత్రం 1805లో గుర్రాల బేరం. కొండలు దాటాలంటే గుర్రాలు కావాలి, తీరా చూస్తే గుర్రాలున్న షోషోనీ తెగ నాయకుడు, యాత్రలో దుబాసీగా వెళ్ళిన సకాజవియాకి తోడబుట్టినోడే! సినిమాలో పెడితే అతి అంటాం.

యార్క్ విషయంలో మాత్రం ఒళ్ళు మండింది. పసిఫిక్ దగ్గర చలికాలం ఎక్కడ ఉందామని అందర్నీ అడిగినప్పుడు క్లార్క్ బానిస అయిన అతని మాట కూడా రాసుకున్నారు, తిరిగొచ్చాక మిగతావాళ్ళకి భూములూ జీతాలూ, ఇతనికి ఏళ్ళ తరబడి విడుదల కూడా లేదు.

ఇప్పుడు జెబులాన్ పైక్ మీద పడ్డా, అమెరికా సైన్యం పంపిన ఇంకో అన్వేషకుడు, 1807లో స్పెయిన్ భూభాగంలో వాళ్ళకి దొరికిపోయినాయన. నిజంగా దారి తప్పాడా, గూఢచర్యమా? తెలిసినవాళ్ళు చెప్పండి.