మార్చిన ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తోంది, దగ్గు మాత్రం రావడం లేదు: మందుల ప్రభావం గురించి మీ అనుభవాలు చెప్పగలరు

మానేరుతీరం:
అందరికీ నమస్కారం. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో మూడేళ్లు బాధపడిన మా నాన్నగారికి, అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్న తరువాత, ఏడు నెలల కిందట రెండు ఊపిరితిత్తులూ మార్చారు. ఆయన వయసు 61. కొత్త ఊపిరితిత్తులను ఒళ్లు తిరస్కరించకుండా ఆపే మందులు టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ మూడూ వేళ తప్పకుండా వేసుకుంటున్నారు. పోయిన వారం బ్రాంకోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని శ్వాసనాళంలోకి దించి చూసే పరీక్ష) చేసినప్పుడు, కుడివైపు కుట్టు వేసిన చోటుకు కిందుగా, చిక్కటి పసుపుపచ్చ కఫం నాళం గోడకు అంటుకుని ఉండడం నేను తెరపై స్వయంగా చూశాను. గొట్టంలోంచి ఉప్పునీరు పోసి లాగితే గానీ అది కదలలేదు. ఆ రోజు ఉదయం దాకా నాన్నగారికి దగ్గు లేదు, జ్వరం లేదు, "నాకేమీ లేదమ్మా, హాయిగా ఉన్నాను" అంటూనే ఉన్నారు. ఈ మందులు నాళాలు తమను తాము శుభ్రం చేసుకునే శక్తిని కూడా తగ్గిస్తాయని డాక్టరుగారు ఒక్క మాట చెప్పి, వేరే రోగిని చూడటానికి వెళ్లిపోయారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇది అందరికీ జరిగేదేనా, ఇంటి దగ్గర మేము చేయగలిగింది ఏమైనా ఉందా, తెలిసినవారు చెప్పగలరు.

నాలుగోఏడు:
అమ్మా, నేను విజయవాడ నుంచి రాస్తున్నాను. చెన్నైలో నాకు ఊపిరితిత్తులు మార్చి నాలుగో ఏడు నడుస్తోంది. మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే ఏమీ తెలియడం లేదు. దాత ఊపిరితిత్తిని తీసేటప్పుడు దానికి వెళ్లే నరాలు తెగిపోతాయి, వాటిని తిరిగి కలపడం సాధ్యం కాదు. అందువల్ల కుట్టుకు కింద కఫం చేరినా, పొలమారినా, దగ్గు పుట్టించే కబురు మెదడుకు సరిగా అందదు. కఫం కుట్టు దాటి మన సొంత నాళంలోకి వస్తేనే గొంతులో గరగర మొదలవుతుంది. మొదటి సంవత్సరం నాకు న్యుమోనియా వచ్చినప్పుడు కూడా దగ్గు లేదు. రెండు రోజులు అన్నం సహించలేదు, మెట్లు ఎక్కితే వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరులో అంకె 97 నుంచి 92కి పడింది, అంతే.

అప్పటి నుంచి నేను దగ్గు వచ్చినప్పుడు దగ్గడం మానేసి, గడియారం చూసి దగ్గుతున్నాను. పొద్దున లేవగానే, మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం, పడుకునే ముందు, రోజుకు నాలుగుసార్లు. నిటారుగా కూర్చుని, నిదానంగా గాలి పీల్చి, మూడు లెక్కపెట్టేదాకా ఆపి, నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని బలంగా వదులుతాను. అలా రెండు మూడుసార్లు చేసిన తరువాతే దగ్గుతాను. వచ్చిన కఫం రంగు, చిక్కదనం ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను.

శ్వాసవ్యాయామం:
నేను ఫిజియోథెరపిస్టును. ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారితో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మానేరుతీరం గారి ప్రశ్నకు కొంచెం విస్తారంగా జవాబు రాస్తాను, ఎందుకంటే ఇక్కడ రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి కనబడుతున్నాయి.

మన శ్వాసనాళాల లోపలి గోడ నిండా శైలికలు అనే అతి సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు పలచని నీటిపొరలో మునిగి ఉండి, సెకనుకు పది పదిహేనుసార్లు ఒకే దిక్కుకు కొట్టుకుంటూ, తన పైనున్న జిగురుపొరను గొంతు వైపు నెడుతుంది. మనం పీల్చిన దుమ్ము, క్రిములు ఆ జిగురులో చిక్కుకుని పైకి వస్తాయి, మనకు తెలియకుండానే వాటిని మింగేస్తాం. గాలి వీచినప్పుడు వరిచేను ఒకవైపుకు అలలుగా వంగడం చూసినవారికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

ఆపరేషన్‌లో నాళాన్ని కోసి కుడతారు. నాళం గోడకు నెత్తురు తెచ్చే చిన్న ధమనులను చాలా ఆసుపత్రుల్లో తిరిగి కలపరు కాబట్టి, ఆ అతుకు మొదటి వారాల్లో ఊపిరితిత్తి వైపు నుంచి ఎదురు వచ్చే కొద్దిపాటి నెత్తురు మీదే బతకాలి. అక్కడ నూగు దెబ్బతింటుంది, మచ్చ కడుతుంది, కింది నుంచి వచ్చిన కఫం ఆ చోట ఆగిపోతుంది. ఇది కోత వల్ల వచ్చే నష్టం.

మందుల వల్ల వచ్చే నష్టం వేరు. బ్రెజిల్‌లోని సావో పావ్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో ఈ సంగతిని పరిశీలించారు. టాక్రోలిమస్ కోవకే చెందిన పాత మందు సైక్లోస్పోరిన్ ఇచ్చిన ఎలుకల్లో జిగురు స్రావం తగ్గిందనీ, అది కదిలే వేగం కూడా తగ్గిందనీ 2007లో ప్రచురించారు. ఎలుకల ఫలితాన్ని మనిషికి యథాతథంగా అన్వయించకూడదు, మీ నాన్నగారు వాడుతున్నది సైక్లోస్పోరిన్ కూడా కాదు. అయినా, నాళాలు శుభ్రపడకపోవడానికి కోత ఒక్కటే కారణమని అనుకోవడానికి వీలులేదని ఆ పని తరువాత తెలిసింది.

ఇక క్రిముల నుంచి ఒంటిని కాచే కాపలా సంగతి. టాక్రోలిమస్ కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుని, టీ కణాలు (ఒంటికి కాపలా కాసే ఒక రకం తెల్ల రక్తకణాలు) మేలుకోవడానికి కావలసిన సంకేతాన్ని ఆపుతుంది. మైకోఫినోలేట్ టీ, బీ కణాలు రెండూ పెరగకుండా చేస్తుంది, దానివల్ల ప్రతిరక్షకాలు కూడా తగ్గవచ్చు. పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చేవారికి ఐజీజీ పరీక్ష (నెత్తురులో ప్రతిరక్షకాల కొలత) చేయించేది అందుకే. ప్రెడ్నిసొలోన్ క్రిములను మింగే కణాలను మందగింపజేస్తుంది. మార్చినది కిడ్నీ అయితే అది ఒంటి లోపల దాగి ఉంటుంది. ఊపిరితిత్తి మాత్రం ప్రతి శ్వాసకూ బయటి గాలికి తెరుచుకుంటుంది, పైగా దానికి మందుల మోతాదు కూడా సాధారణంగా ఎక్కువే ఉంచవలసి వస్తుంది. ఊడ్చే చీపురూ బలహీనపడి, కాపలా కూడా పలచబడినప్పుడు, నిలిచిన కఫంలో సూడోమోనాస్ అనే బాక్టీరియా, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ వంటివి స్థిరపడతాయి.

ఇంతా చదివి మందుల మీద కోపం తెచ్చుకోవద్దని నా విన్నపం. 1963లో అమెరికాలోని మిసిసిపిలో జేమ్స్ హార్డీ తొలి ఊపిరితిత్తి మార్పిడి చేసినప్పుడు రోగి 18 రోజులు జీవించాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లపాటు దాదాపు ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ల వల్ల అతుకు మానకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. సైక్లోస్పోరిన్ వచ్చి స్టెరాయిడ్ల అవసరాన్ని తగ్గించిన తరువాతే, 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ బృందం మొదటిసారి దీర్ఘకాల విజయం సాధించింది. చీపురును మందగింపజేస్తున్న మందే ఈ ఆపరేషన్‌ను సాధ్యం చేసింది.

గుంటూరుగడప:
మా బావగారికి నిరుడు ఇదే స్థితి వచ్చింది. బంధువులందరూ రోగనిరోధక శక్తి పెరగాలని తిప్పతీగ కషాయం తాగించమన్నారు. మీ ఇంట్లో కూడా అంటారు, అందుకే అది తాగించవద్దని అడగకముందే రాస్తున్నాను.

శ్వాసవ్యాయామం:
గుంటూరుగడప గారు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం. మనం ఇంత ఖర్చుపెట్టి, ఇంత జాగ్రత్తగా అణచి ఉంచుతున్న శక్తినే కషాయంతో రెచ్చగొడితే, అది కొత్త ఊపిరితిత్తి మీదికే వెళ్లవచ్చు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు మన దేశపు డాక్టర్లే వైద్యపత్రికల్లో రాశారు. పంపరపనస కూడా వద్దు, అది నెత్తురులో టాక్రోలిమస్ మట్టాన్ని పెంచగలదు.

ఆకుపచ్చచీర:
నా తప్పు కూడా ఇక్కడ రాయడం మంచిది. మా అమ్మగారికి మార్పిడి జరిగిన రెండో ఏడు వరుసగా రెండుసార్లు ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చింది. మందుల వల్లే వస్తున్నదని ఎవరో చెప్పగా, నేనే మైకోఫినోలేట్ రాత్రి మోతాదు మూడు వారాలు ఆపించాను. ఇన్ఫెక్షన్ మళ్లీ రాలేదు గానీ, ఊదే పరీక్షలో అంకె మెల్లగా దిగింది, బయాప్సీలో తిరస్కరణ తేలింది. మూడు రోజులు నరానికి స్టెరాయిడ్ ఎక్కించారు. పోయిన శ్వాసశక్తిలో కొంత ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ మూడు వారాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. మోతాదు తగ్గించవలసిన అవసరం ఉంటే, ఆ నిర్ణయం మార్పిడి చేసిన బృందానిదే కావాలి.

దీనికి వ్యతిరేకంగా జరిగినది కూడా ఉంది. మా పట్నంలో ఒక డాక్టరుగారు జలుబుకని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. నాలుగో రోజుకు అమ్మ చేతులు వణకడం మొదలైంది, కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయింది. పరీక్ష చేయిస్తే టాక్రోలిమస్ మట్టం ఉండవలసినదానికి రెట్టింపు దాటింది. అప్పటి నుంచి ఏ మందు రాసినా చీటీని ఫోటో తీసి మార్పిడి బృందపు కోఆర్డినేటరుకు పంపి, జవాబు వచ్చాకే వేస్తున్నాను.

డాలస్‌తెలుగు:
మా ఆవిడకు ఇక్కడ అమెరికాలో 2021లో మార్చారు. ఆకుపచ్చచీర గారి మాటకు ఒకటి కలుపుతాను. ఫంగస్ కోసం వోరికోనజోల్ మొదలుపెట్టినప్పుడు టాక్రోలిమస్‌ను మూడో వంతుకు దించారు. వోరికోనజోల్ ఆపినప్పుడు తిరిగి పెంచడం కూడా అంతే ముఖ్యమని, ఆపే రోజు తేదీని ఎర్రసిరాతో రాసుకోమని ఫార్మసిస్టు చెప్పారు. క్షయ మందు రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా ఎదురు, అది టాక్రోలిమస్ మట్టాన్ని పడగొడుతుంది. మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి మీరు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంటి దగ్గర ఊదే చిన్న స్పైరోమీటరు కొనండి. రోజూ ఒకే వేళకు ఊది, మామూలు అంకె కంటే పది శాతం తగ్గి రెండు రోజులు అలాగే ఉంటే, ఒంట్లో ఎంత బాగున్నా ఫోన్ చేయమని మాకు చెప్పారు. దగ్గు మనకు కబురు చెప్పనప్పుడు, కబురు చెప్పేది ఆ అంకే.

నాలుగోఏడు:
అమ్మా, మీది వ్యవసాయ కుటుంబమా? అయితే ఒక మాట. పాత గడ్డివాము పీకడం, పేడకుప్ప తిరగేయడం, నూర్పిడి దగ్గర నిలబడడం ఇవన్నీ ఆయన మానుకోవాలి. తడిసి బూజుపట్టిన గడ్డిలోనే ఆస్పర్‌జిల్లస్ ఎక్కువ. నేను మా అన్నగారి కళ్లంలో ఒక్క గంట నిలబడి, ఆ తరువాత నాలుగు నెలలు ఫంగస్ మందు వాడాను.

మానేరుతీరం:
మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆకుపచ్చచీర గారూ, మీరు అంత బాధను దాచుకోకుండా రాసి ఉండకపోతే నేను కూడా మోతాదు తగ్గించమని అడిగి ఉండేదాన్ని.

నిన్న ఆసుపత్రికి వెళ్లి, ఈ చర్చలో వచ్చిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని అడిగాను. కఫంలో సూడోమోనాస్ పెరిగిందని కల్చర్‌లో తేలింది, నెబ్యులైజరు ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడు శాతం ఉప్పునీరు పొగ రోజుకు రెండుసార్లు, దాని తరువాతే "హా" వ్యాయామం. ఐజీజీ పరీక్షకు నెత్తురు తీసుకున్నారు. టాక్రోలిమస్ మట్టం సరిగానే ఉంది, మూడు మందుల్లో దేన్నీ మార్చలేదు. ఆరు వారాలకు మళ్లీ బ్రాంకోస్కోపీ.

ఇవాళ పొద్దున నాన్నగారు వాకిట్లో కుర్చీ వేసుకుని, నా చిన్నప్పటి చేతి అద్దం ముందు పెట్టుకుని, అది మసకబారేదాకా ఊదారు. నాలుగోసారికి చెంచాడు కఫం వచ్చింది. "ఇదంతా లోపలే ఉందా?" అని ఆయనే ఆశ్చర్యపోయారు. రంగు లేత పసుపు, చిక్కదనం తగ్గింది. నోటుపుస్తకంలో మొదటి పేజీ రాశాను.