సమస్యాపూరణం: తేనెటీగ కుట్టఁ దెరయె నవ్వె

నిర్వాహకులు: మీరు పద్యంగా పూరించాల్సిన ఈ వారం చివరి పాదం, తేనెటీగల దండు మీద తీసిన 1978 నాటి 'ద స్వార్మ్' సినిమా చూస్తుండగా పుట్టింది. 'పొసైడన్ అడ్వెంచర్' (1972), 'టవరింగ్ ఇన్‌ఫెర్నో' (1974) నిర్మించిన ఇర్విన్ అలెన్ దీనికి దర్శకత్వం కూడా తానే చేశాడు. మైకేల్ కెయిన్, హెన్రీ ఫోండా, ఒలీవియా డి హావిలాండ్ అంతా ఉన్నారు, భయం మాత్రం లేదు. కానివ్వండి.

మధుకరం:
భయముఁ గొల్పఁ దీయు పాత చిత్రమునందు
తారలెందరో వచ్చి దారి తప్పి
నీరసంపు మాట నిలిచి పలుకువేళ
తేనెటీగ కుట్టఁ దెరయె నవ్వె

లఘువు: మధుకరం గారూ, రెండో పాదంలో 'రోవచ్చి' తగణం (గురువు, గురువు, లఘువు), ఆటవెలదిలో అక్కడ చెల్లదు. 'తారలెల్ల వచ్చి' అంటే సరిపోతుంది. మూడో పాదం మాత్రం నాకు బాగా నచ్చింది. అవతల ఈగలు ఊళ్లు ఊళ్లే తుడిచిపెడుతుంటే సైన్యాధికారీ శాస్త్రవేత్తా నిలబడి వాదించుకుంటూనే ఉంటారు. టెన్షన్ అంతా అక్కడే జారిపోయింది.

మధుకరం: 'తారలెల్ల' తీసుకుంటాను. కానీ పోయినసారి ఓడ సమస్యలో మీ రెండో పాదానికి యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) లేదని చెప్పాను, మీరు మార్చలేదు.

లఘువు: అది ప్రాసయతి, యతికి బదులు ప్రాస కుదిర్చాను. అప్పుడూ చెప్పాను.

పాతరీలు:
నగరమెల్ల కాల్చి నడిసంద్రమునఁ జేర్చి
చమురుకగ్గి పెట్టి చంపిరంత
కథకు మొదలు లేదు కడకు గట్టును లేదు
తేనెటీగ కుట్టఁ దెరయె నవ్వె

ఇక్కడ తెర అంటే అల. చివర్లో ఈగల దండును శబ్దంతో సముద్రం మీదికి రప్పించి, నీళ్లపై పోసిన చమురుకు నిప్పంటిస్తారు కదా.

లఘువు: గట్టు లేదన్నాక తెర రావడం! ఈ మధ్య ఇంత మంచి విరుపు చూడలేదు. కానీ రెండో పాదంలో చంపేశారు, నాలుగో పాదంలో అది కుట్టింది. చచ్చిన ఈగ ఎలా కుడుతుంది?

మధుకరం: ఈసారి లఘువు గారి మాటే నా మాట. తేనెటీగ మనిషిని కుడితే ముల్లు చర్మంలో ఉండిపోయి తర్వాత అది చస్తుంది. ముందు కుట్టాలి. 'చంపఁబోవు / కథకు మొదలు లేదు' అనండి, అన్వయమూ కుదురుతుంది.

పాతరీలు: 'చంపఁబోవు' ఖాయం. అన్నట్టు, ఆ సినిమాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది దుస్తులకు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదే?

నిర్వాహకులు: నేను ఫోండా పాత్ర మీద పూరణ కోసం చూస్తున్నాను. చక్రాల కుర్చీలోని ఆ శాస్త్రవేత్త విరుగుడు మందును తన ఒంటి మీదే పరీక్షించుకొని ప్రాణం విడుస్తాడు. సినిమా మొత్తంలో నిజంగా గుండె పట్టేసే ఘట్టం అదొక్కటే. 'నవ్వె' అన్న పాదంలో దాన్ని ఇమిడ్చిన పూరణకే ఈ వారం అగ్రస్థానం. గడువు ఆదివారం రాత్రి.